ముగ్గుతో గీసిన రోడ్డు

పద్నాలుగేళ్ళు బస్సు నడిపాక కళ్ళ పరీక్షలో తప్పాను. ఇక స్టీరింగు పట్టుకోవద్దన్నారు. నాకేం పని అప్పజెప్పాలో డిపోలో ఎవరికీ తోచలేదు. చివరికి బడులు తిరిగి పిల్లలకు రోడ్డు మీద ఎలా నడవాలో, ఎలా నడపాలో చెప్పమన్నారు. డెబ్బైల చివరి మాట ఇది.

సైకిలుకు సంచి తగిలించుకుని వెళ్ళేవాణ్ణి. అట్టముక్కల మీద నేనే రంగులేసిన గుర్తులు, ఒక డబ్బా ముగ్గుపిండి, అంతే నా సామాను. మైదానంలో రోడ్డు గీసి, కొందరు పిల్లలను బస్సులుగా, కొందరిని రిక్షాలుగా నిలబెట్టేవాణ్ణి. పదో తరగతి వాళ్ళకైతే బ్రేకు తొక్కాక కూడా బండి ఎంత దూరం పోతుందో అడుగులు వేసి చూపించేవాణ్ణి. ఆ గంట బాగుండేది. బెల్లు కొట్టగానే మైదానం ఖాళీ. టీచర్లు నన్ను అన్నానికి రమ్మనలేదు, రావద్దనీ అనలేదు. సైకిల్ స్టాండు పక్కన గిన్నె విప్పుకునేవాణ్ణి. సాయంత్రం డిపోకి వెళితే పాత జతగాళ్ళు "పంతులొచ్చిండు, జరుగుండ్రి" అని బెంచీ మీద చోటిచ్చేవాళ్ళు. అంతకుముందు ఆ బెంచీ మీద నా చోటు నాకుండేది, నాకోసం ఎవరూ జరగాల్సి వచ్చేది కాదు. నా భార్య పోయి అప్పటికి రెండేళ్ళు. ఇంటికి వెళ్ళినా మాట్లాడే మనిషి లేదు.

కాశిబుగ్గ వైపు ఆడపిల్లల బడిలో ఒకరోజు పదో తరగతి అమ్మాయి లేచి అడిగింది.

"సార్, మీరు ఎన్నడన్న ఎవలనన్న గుద్దిన్రా?"

మిగతావాళ్ళు నవ్వారు. లేదని చెప్పి తప్పించుకోవచ్చు.

"గుద్దిన బిడ్డా" అన్నాను.

నవ్వులు ఆగిపోయాయి. జరిగింది చెప్పాను. నర్సంపేట రోడ్డు మీద, మసక చీకటి పడే వేళ, పత్తి తోలుకుపోతున్న ఎడ్లబండి. పక్కనే నడుస్తున్న మనిషి. నేను ఆలస్యమైందని తొందరలో ఉన్నాను. బస్సు తగిలి నలిగిన ఆయన కాలు ఆసుపత్రిలో తీసేశారు. బండికి లాంతరు లేదని కాగితాల్లో రాశారు. నేను సంతకం పెట్టాను.

"తర్వాత పోయి చూసిన్రా సార్?"

"పోలే."

ఆ పిల్ల కూర్చుంది. హెడ్‌మిస్ట్రెస్ నన్ను గదిలోకి పిలిచి, "రూల్స్ చెప్పమంటే ఇవన్నీ ఎందుకండీ? పిల్లలు భయపడతారు" అన్నారు. ఆ బడి నుంచి మళ్ళీ పిలుపు రాలేదు.

ఆదివారం నర్సంపేట బస్సెక్కాను. అక్కణ్ణుంచి, ఆనాటి కాగితాల్లో చూసిన ఆ మనిషి ఊరికి నడిచాను. ఆయన అరుగు మీద కూర్చుని తాడు పేనుతున్నాడు. పక్కన చంకకర్రలు.

"ఎవలు?"

"అన్నా, ఆనాడు బస్సు నడిపింది నేనే."

పేనుతున్న చేతులు ఆగాయి.

"బండికి లాంతరుండె" అన్నాడు. "గాలికి గూడ ఆరిపోలే."

"ఉండె అన్నా. నేను చూసిన."

ఆ మాట నా భార్య బతికుండగా ఆమెకు కూడా చెప్పలేదు.

"మరి గా మాట ఆనాడు చెప్పకపోతివి."

ఆయన కూర్చోమనలేదు, పొమ్మనలేదు. ఆయన భార్య నేనెవరో తెలియక చెంబుతో నీళ్ళు తెచ్చిచ్చింది. తాగి, దండం పెట్టి వచ్చేశాను. చెప్పేస్తే గుండె తేలికవుతుందనుకున్నాను. కాలేదు.

ఆ తర్వాత ప్రతి బడిలోనూ ఈ సంగతి చెప్పాను, లాంతరు చూశానన్న మాటతో సహా. కొన్నిచోట్ల మధ్యలోనే ఆపించారు. కొన్నిచోట్ల పిల్లలు కదలకుండా విన్నారు. ఎవరైనా ఏమైనా అడుగుతారేమోనని ఆగేవాణ్ణి.

లాంతరు సంగతి బడుల్లో చెబుతున్నానని ఆయనతో అనాలని మరుసటి ఏడు మళ్ళీ ఆ ఊరికి వెళ్ళాను. తలుపుకు తాళం ఉంది. కూతురి దగ్గరికి పోయారని, ఇక రారని పక్కింటామె చెప్పింది.

"ఏమన్న చెప్పాల్నా?" అని అడిగింది.

ఏమీ లేదన్నాను. తిరుగు బస్సుకు ఇంకా గంటన్నర ఉంది. ఎండలోనే నర్సంపేట రోడ్డుదాకా నడిచాను.