పిన్ను చోట దారం

మీ బండికి కట్టిన నిమ్మకాయ ఏనాడైనా బ్రేకు వేసిందా? నిన్న పొద్దున మా వీధిలోంచి ఇటుకల ట్రాక్టరు ఒకటి పోయింది. ముందు పచ్చిమిరపకాయలతో తాజా నిమ్మకాయల దండ, వెనక తొట్టిని ఇంజనుకు కలిపే చోట పిన్నుకు బదులు వంచిన ఇనపచువ్వ. దండ మాత్రం ఆ పొద్దుటే మార్చినట్టుంది. దాన్ని చూడగానే షార్జా ఇండస్ట్రియల్ ఏరియాలో నా ఆఖరి ఏళ్ళు, అక్కడ నాతో పనిచేసిన మా చెల్లెలి మొగుడు, అతని నల్లదారం గుర్తొచ్చాయి.

కరోనా మాస్కులు ఇంకా గడ్డాల కింద వేలాడుతున్న రోజులవి. మన వయసువాళ్ళు ఊళ్ళో మనవల్ని ఎత్తుకుని తిరుగుతుంటే నేను పడవలు మోసే ట్రెయిలర్లు బాగుచేసే షెడ్డులో గ్రీజు పూసుకునేవాణ్ణి. బావ వాటిని పికప్పుకు తగిలించి సముద్రం దాకా లాక్కుపోయేవాడు. అదేమంత బ్రహ్మవిద్య కాదు. పికప్పు వెనక పెద్ద నిమ్మకాయంత ఇనప గుండు ఉంటుంది, ట్రెయిలరు ముక్కు దాని మీద టోపీలా కూర్చుంటుంది, గొళ్ళెం వేసి అది లేవకుండా దాని రంధ్రంలో చిటికెన వేలంత పిన్ను దూర్చాలి. తర్వాత జాకీతో ముక్కును కాస్త ఎత్తి చూడాలి. పికప్పు వెనకభాగం కూడా దానితో లేస్తే పట్టు దొరికినట్టు, ముక్కొక్కటే లేస్తే దొరకనట్టు. ఆఖరున రెండు గొలుసుల్ని ముక్కు కిందుగా కత్తెరలా దాటించి తగిలించాలి, ముక్కు జారినా నేలను పొడవకుండా వాటి ఒడిలో పడాలని. దీనికి మంత్రం అక్కర్లేదు, వంగే నడుమూ చూసే కళ్ళూ ఉంటే చాలు.

ఆ రోజు మా కఫీల్, అంటే మాకు వీసా ఇచ్చిన అరబ్బు యజమాని, పడవను నీళ్ళలో దించాలి. షెడ్డు మేనేజరు, అదే ముదీర్, గేటు దగ్గర నిలబడి యల్లా యల్లా అని తరుముతున్నాడు. నేను వెళ్ళేసరికి బావ, మా చెల్లెలు ఏదో పీఠం నుంచి తెప్పించి పంపిన దిష్టిదారాన్ని గొళ్ళెం రంధ్రంలో దూర్చి మూడు ముళ్ళు వేస్తున్నాడు.

"ఇదేంటి బావా, గొళ్ళేనికి పెళ్ళి చేస్తున్నావా?" అన్నాను.

"నీ నోటికో దణ్ణం బావా. పంపింది నీ చెల్లెలే. తెంపావంటే ఆవిడకి నువ్వే చెప్పుకో."

ఇక ఆగుతానా. కుర్రతనం నుంచీ సభల్లో, అరుగుల మీద, రైలు పెట్టెల్లో వాదించి సానబెట్టుకున్న నాలుక నాది. ఆ దారం ఏ మిల్లులో పుట్టిందో, ఏ రంగుతొట్టిలో మునిగిందో, ఏ బద్ధకస్తుడి చేతిలో మహిమ సంపాదించిందో పది నిమిషాలు ఏకరువు పెట్టాను. నోరు ఆ పనిలో ఉండగా చేతులు అలవాటు కొద్దీ గొలుసులు తగిలించేశాయి. "ఖలాస్ బావా, నువ్వే గెలిచావ్, ఎక్కు" అన్నాడతను. జాకీ పరీక్ష ఇద్దరమూ మరిచాం.

దారిలో స్పీడ్ బ్రేకరు మీద వెనక పెద్ద చప్పుడైంది. అద్దంలో చూస్తే పడవ అటూ ఇటూ ఊగుతోంది, దాని వెనకే అల్ వర్సాన్ క్యాంపుకు పోయే కూలీల బస్సు, కిటికీలకు ఆనుకుని నిద్రపోతున్న మొహాలు. బావ గట్టిగా బ్రేకు తొక్కలేదు, అంత తెలివి అతనికుంది. మెల్లగా వేగం తగ్గించి పక్కకు తెచ్చాడు. దిగి చూస్తే గొళ్ళెం లేచి ఉంది, ముక్కు గొలుసుల మీద వేలాడుతోంది, దారం తెగి కింద పడుంది. పిన్ను ముందే ఎక్కడో పోయిందనీ, దాని చోటే దారం కట్టాడనీ అప్పుడు తెలిసింది నాకు.

బావ ఆ ముక్కను తీసి కళ్ళకద్దుకున్నాడు. "చూశావా బావా, మన గండం అది లాక్కుని తెగిపోయింది."

మా వెనకే ఆగిన బస్సు దిగిన కూలీల్లో ఒకడు గొలుసుల వంకైనా చూడకుండా, "అన్నా, గా దారం యాడ దొరుకుతదే?" అని అడిగాడు. పిన్ను ఎక్కడ దొరుకుతుందని ఒక్కడూ అడగలేదు. బతికున్నందుకు దారానికి మొక్కే ఆ మూకను తిట్టడానికి నోరు తెరిచి, మూసుకున్నాను. నేను మాత్రం ఏం చేశాను? దారాన్ని చూశాను, దాని కింద పిన్ను లేదని చూడలేదు. వాదంలో గెలిచాను.

నేను వచ్చేశాను, బావ ఇంకా అక్కడే. షెడ్డులో ఇప్పుడు కొత్త ట్రెయిలర్లట, పిన్నులకే తాళాలట. దారం మాత్రం మానలేదని ఫోన్లో నవ్వుతాడు. గొలుసులు ఎవరు తగిలిస్తున్నారని అడిగితే మాట మారుస్తాడు. ఇక్కడ అతనిలా ఎదురు నిలిచి వాదించేవాడు కూడా లేడు నాకు. ఊళ్ళోవాళ్ళు నేను చెప్పింది విని, అవునండీ అని దణ్ణం పెట్టి, పోతూ పోతూ నిమ్మకాయలు కొనుక్కుంటారు.

మీరూ తలూపి ఊరుకోకండి. లేవండి, మీ బండి వెనక్కి వెళ్ళండి, నడుం వంచి ఆ రంధ్రంలో వేలు పెట్టి చూడండి. దారం తగిలితే తెంపండి. పిన్ను పెట్టండి.