మా అవ్వకి టార్గెట్ అర్థమైంది

ఈ రోజు ఆత్మకూరు నుంచి మర్రిపాడు వెళ్లే బస్సులో అవ్వ నా మొహం చూసి ఏమైందని అడిగింది. మా ప్రైవేటు బడిలో టీచర్లకి అడ్మిషన్ల టార్గెట్ ఇచ్చారని చెప్పాను. స్టాఫ్‌రూమ్‌లో ఈ మధ్య వినపడేది ఆ మాటొక్కటే.

"టార్గెట్ అంటే ఏంది?"

"బడి తెరిచేలోగా ఐదుగురు పిల్లల్ని చేర్పించాలవ్వా. లేకపోతే ఉద్యోగం పోతుంది. అడగడానికి నాకు నోరు పెగలదు."

అవ్వ లేచి నిలబడి బస్సంతా వినేలా చెప్పింది. "మా గొర్రెలోళ్లల్లో మంద పోయినోడికి అందరం తలా ఒక గొర్రెపిల్ల ఇచ్చి నిలబెడతాం గదా. నా మనవరాలి బడికి తలా ఒక బిడ్డని చూపించండి."

నేను చున్నీలో మొహం దాచుకున్నాను. మర్రిపాడు వచ్చేసరికి ముగ్గురు తల్లులు నా నంబరు తీసుకున్నారు.

మీకూ టార్గెట్లుంటే చెప్పండి, మా అవ్వని పంపిస్తాను. కాకపోతే నాకింకా ఇద్దరు కావాలి, అందాకా ఆగండి.