ఒక దీర్ఘం చేసిన మేలు

నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని ఇంట్లో అనేవారు. బడిలో ఆ కోపమంతా చాక్‌పీసుల మీద చూపించేదాన్ని. విసిరేదాన్ని కాదు, విరిచేదాన్ని. గోదావరికి దగ్గర్లో, బొగ్గుగనుల కాలనీ బడిలో తెలుగు టీచరుగా ఉన్న రోజుల్లో తొమ్మిదో తరగతికి పద్యనాటకం చెప్పానంటే, గంట కొట్టేసరికి బల్లంతా తెల్లగా అయ్యేది.

అవి ఎనభైల నడిమి రోజులు. కాలనీలో అప్పుడప్పుడే టీవీలు వస్తున్నాయి. ఆదివారం సాయంత్రం టీవీ ఉన్న ఇల్లేదో గడప ముందున్న చెప్పులే చెప్పేవి. మా పిల్లలకు ప్రకటనలన్నీ కంఠతా వచ్చు, పద్యం మాత్రం ఒక్కటీ రాదు. వార్షికోత్సవం దగ్గర పడుతుండగా హెడ్మాస్టరు నన్ను పిలిచారు.

"టీచరమ్మా, పోయినేడు మీ నాటకం నడుస్తుంటే జనం సగంల లేచి పోయిండ్రు. ఈసారి గుడ గట్లనే అయితే వచ్చే ఏడు సంది నాటకం బంద్. పాటలకు డ్యాన్సులు పెట్టుకుందాం. ఎవ్వలకు పరేషాన్ ఉండది."

నాకు ఒళ్లు మండింది. నాటకమంటే నాకు ప్రాణం. చిన్నప్పుడు జమ్మికుంటలో పత్తి మార్కెట్ పక్కన నాటకాలాడితే బాపు భుజాల మీద కూర్చుని చూసినదాన్ని. అలాంటిది నా చేతుల్లోనే ఆగిపోతుందంటే ఏడుపొచ్చింది.

ఆ మంటతోనే తరగతికి వెళ్లి పాఠం చదవమన్నాను. శత్రురాజు పంపిన రాయబారి సభకు వస్తాడు. రాజు అతన్ని పైకి ఆదరిస్తూనే లోపల అనుమానపడతాడు. పాత నాటకాల్లో పాత్ర పైకి అనే మాటకు ముందు 'ప్రకాశం' అని, తనలో తాను అనుకునే మాటకు ముందు 'స్వగతం' అని రాసి ఉంటుంది. రెండో బెంచీలో గనిలో డ్రిల్లు పట్టే కార్మికుడి బిడ్డ ఉండేది. ఆ పిల్ల లేచి, గొంతు సవరించుకుని, "రాజు, స్వాగతం" అని చదివింది. అంతటితో ఊరుకోక రెండు చేతులూ జోడించి దండం కూడా పెట్టింది. ఆ వెంటనే "ఈ ధూర్తుని నమ్మరాదు" అని తర్వాతి మాట చదివింది.

తరగతంతా నవ్వింది. నా చేతిలో చాక్‌పీసు విరిగింది.

"అక్కడ దీర్ఘం ఎక్కడుందే?" అన్నాను.

"లేదు టీచర్. గానీ రాజు దండం పెట్టుకుంటనే మనసుల తిట్టుకుంటున్నడు గద. మా అవ్వ గుడ గట్లనే చేస్తది. చుట్టాలొస్తే 'రాండ్రి రాండ్రి, ఎన్నొద్దులాయె మిమ్ముల చూడక' అంటది. వంటింట్లకు వచ్చి 'బియ్యం నిండుకున్నయి, గిప్పుడే రావాల్నా' అంటది."

నాకు నవ్వాగలేదు. అంతసేపటి కోపం ఎటు పోయిందో తెలియదు. ఆ పిల్ల చదివింది తప్పే కానీ, అర్థం చేసుకున్న తీరు నేను చెప్పబోయేదానికంటే బాగుంది. పుస్తకం మూసేశాను. రేపు అందరూ ఒక ప్రకాశాన్నీ దాని వెనకున్న స్వగతాన్నీ పట్టుకురండి, ఇంట్లో దొరికినా, బజార్లో దొరికినా, సినిమాలో, టీవీలో దొరికినా సరే అన్నాను.

మర్నాడు తరగతి సంతలా ఉంది. సబ్బు ప్రకటనలో నవ్వే అమ్మాయి లోపల 'నేనైతే గీ సబ్బు వాడ' అనుకుంటుందని ఒకడు చెప్పాడు. ఓట్లకొచ్చిన నాయకుడు ముసలమ్మ చేతులు పట్టుకుని 'అవ్వా, పానం మంచిగున్నదా' అంటూనే, లోపల 'ఫొటో పడ్డదా లేదా' అనుకుంటాడని ఇంకొకతె. సినిమా హీరో అద్దం ముందు నిలబడితే అద్దంలో మనిషి తిరిగి మాట్లాడతాడే, అదీ స్వగతమేనని వాళ్లే తేల్చారు. "టీవీల వార్తలు చదివేటామె మొకంల స్వగతం అస్సలే కనపడది టీచర్, గదెట్ల?" అని ఒక పిల్ల అడిగింది. గంట కొట్టేదాకా ఆ ప్రశ్న మీదే మాట్లాడుకున్నాం. పద్యనాటకం క్లాసులో గంట కొట్టినా ఎవరూ లేవకపోవడం నేను అదే మొదటిసారి చూడటం.

వార్షికోత్సవానికి ఆ సభ ఘట్టాన్నే తీసుకున్నాం. ప్రకాశమంతా రాజు పద్యాల్లో చెబుతాడు. స్వగతం మాత్రం తెర వెనక నుంచి మా దీర్ఘాల పిల్ల మైకులో మామూలు మాటల్లో చెబుతుంది. ఆ మాటలన్నీ ముందే రాసి, నేర్పించాను.

ఆ రోజు ముఖ్య అతిథిగా పిలిచిన నాయకుడు చాలా ఆలస్యంగా వచ్చారు. పిల్లలు మైదానంలో ఆకలితో నకనకలాడుతున్నారు. దండలు, చప్పట్లు అయ్యాక తెర లేచింది. రాయబారి వచ్చాడు. రాజు చేతులు జోడించి తీయగా పద్యం పాడి ముగించాడు. అప్పుడు మైకులో స్వగతం వినపడింది.

"పగటి సంది కూసున్నం. కడుపుల ఎలుకలు ఉరుకుతున్నయి. గిప్పుడొచ్చిండు పెద్దమనిషి."

అది నేను రాసిన మాట కాదు. జనమంతా ముందు వరుసలో దండ వేసుకున్నాయన వైపు తిరిగి గొల్లున నవ్వారు. హెడ్మాస్టరు ముఖంలో నెత్తురు చుక్క లేదు. నాటకంతో పాటు నా ఉద్యోగమూ పోయిందనుకున్నాను. తీరా చూస్తే ఆ నాయకుడే అందరికంటే గట్టిగా నవ్వుతున్నారు. రాజు ఇంకో పద్యం ఎత్తుకున్నాడు. వెనక నుంచి ఏ స్వగతం వస్తుందోనని జనం చెవులు రిక్కించుకుని కూర్చున్నారు. షిఫ్టుకు పోవలసినవాళ్లు సైరన్ మోగాక కూడా నిలబడి చూశారు.

నాటకం అయ్యాక నాయకుడు మైకు అందుకున్నారు. "ప్రకాశం. మిమ్ములందర్ని చూస్తే మస్తు సంతోషమైంది. స్వగతం. గా పిల్లకు భయపడి జల్దిన కూసుంట," అని నిజంగానే కూర్చున్నారు.

కుర్చీలు సర్దుతుంటే హెడ్మాస్టరు మా వైపు వచ్చారు. ఆ పిల్ల నా వెనక్కి చేరింది. నాకూ ఎవరి వెనకైనా దాక్కోవాలనే ఉంది.

"టీచరమ్మా, వచ్చే ఏడు గుడ నాటకమే పెట్టుండ్రి," అన్నారు ఆయన, ఎప్పటిలాగే ముఖం ముడుచుకుని.

నా వెనక నుంచి ఆ పిల్ల తల బయటపెట్టి అడిగింది. "సార్, గిది ప్రకాశమా, స్వగతమా?"

ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నారు.

"రెండూ ఒక్కటే బిడ్డా," అన్నారు.