అవతలి మాట ముందు చెప్పమన్న సారు

“నా ఇంట్ల కూసొని, నా చాయ తాగి, నా బిడ్డ ఎక్కే బస్సునే బంద్ చేస్తవా సారూ?”

“బంద్ కాదమ్మా. బస్సు ఉంటుంది. ఇక్కడ ఆగదు, అంతే.”

“ఆగని బస్సు ఉంటే ఏంది, లేకుంటే ఏంది? నువ్వు గూడ రోజు గీడనే ఎక్కుతవు గద. నీకేమొస్తది?”

“నేను నడుస్తాను. ఆ సంగతి ఆలోచించుకునే రాశాను. మీకు అభ్యంతరం ఉంటే ఆదివారం మీటింగులో చెప్పండి రూతమ్మగారూ. వంటింట్లో చెబితే లెక్కలోకి రాదు.”

“వంటిల్లు నాదే, నీ మీటింగు అర్ర నాదే. ఏడ చెప్తే లెక్కకొస్తదో నువ్వు నాకు చెప్తవా?”

మొన్న మా ఇస్నాపూర్ చౌరస్తాలో నిలబడి ఉంటే ఒక బస్సు ఆగినట్టే ఆగి, ఆగకుండా వెళ్లిపోయింది. వేడి డీజిల్ పొగ మొహం మీద కొట్టింది. కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకునేలోపే ఈ పోట్లాట అంతా చెవిలో మోగింది. డెబ్బైల నాటి మాట. ఆ సారు ఎవరో మీకు తెలియదు కాబట్టి మొదటి నుంచి చెప్పాలి.

ఆయన పేరు వేంకటరత్నం. కృష్ణా జిల్లా మనిషి. మా ఊరి దగ్గరి పెద్ద ఫ్యాక్టరీలో సిబ్బంది బస్సులు ఏ దారిన పోవాలో, ఎక్కడ ఆగాలో నిర్ణయించే ఉద్యోగం. భార్యాపిల్లల్ని ఊళ్లోనే ఉంచి, మా ముందరి అర్రలో కిరాయికి దిగారు. దిగిన నెలకే తెలిసింది, కిరాయికి దిగింది ఆయన ఒక్కరే కాదని. ఆయన వెంట ఒక సంఘం కూడా దిగింది. రోడ్లూ బస్సులూ ఎట్లా ఉండాలో ముందుగా కాగితం మీద వేసేవాళ్ల సంఘమట. నేను మూడో తరగతి దాకా చదివినదాన్ని. కల్లు గీసేవాళ్లకు సంఘం ఉందంటే తెలుసు, మగ్గం నేసేవాళ్లకు ఉందంటే తెలుసు. ఇంకా వేయని రోడ్డు గురించి కొట్లాడుకునేవాళ్లకు సంఘమేమిటో నాకు అంతుపట్టలేదు.

ఆదివారం నేను చర్చి నుంచి వచ్చేసరికి ఆ అర్ర నిండిపోయి ఉండేది. రోడ్ల శాఖ ఓవర్సీరు నరసింగరావు, బస్సు డిపోలో ఒకాయన, సంగారెడ్డి ఆఫీసుల నుంచి ఇంకొందరు. ఒకరు వ్యాసం చదవడం, మిగతావాళ్లు దాన్ని చీల్చి చెండాడడం, చివర అందరూ అందరికీ ధన్యవాదాలు చెప్పుకోవడం. ఒకసారి నేను తడిగుడ్డతో తుడిచిన గచ్చు మీద సుద్దముక్కతో మా ఊరి మీది బొంబాయి రోడ్డు గీశారు. అది వాకిలి నుంచి నా వంటింటి గడప దాకా వచ్చింది. చౌరస్తాకు నడుమ నా ఇత్తడి తాంబాళం బోర్లించారు. మనుషుల కోసం చింతగింజలు పరిచారు. “నడుమ గుండ్రంగా ఉంటే బండ్లు గుద్దుకోవమ్మా” అని సారు సంబరంగా చెప్పారు. “గుద్దుకునేటి బండ్లు రోడ్డు మీదున్నయి సారూ, నా తాంబాళమేం జేసింది?” అని గింజలతో సహా ఎత్తుకొచ్చాను. చాయపత్తా రెండుసార్లకు మించి మరిగితే రంగు రాదు. వాళ్ల మీటింగు మాత్రం మూడోసారి మరిగినా తేలేది కాదు.

తేలకపోవడానికి కారణం సారే. ఆయన ఆ సంఘంలో ఒక పద్ధతి పెట్టారు. ఎవరైనా ప్రతిపాదన తెస్తే, దాన్ని వద్దనేవాళ్ల మాట ముందుగా తెచ్చినవాడే చెప్పాలి. ఆ వద్దనేవాళ్లు “అవును, మేమనేది ఇదే” అని తల ఊపాలి. అప్పుడే అతను తన మాట మొదలుపెట్టాలి. అప్పుడే చేతులెత్తించడం. ఎడ్లబండ్లను పెద్ద రోడ్డు మీదికి రానివ్వకూడదని ఓవర్సీరు ఒక ప్రతిపాదన తెచ్చాడు. వ్యవసాయ శాఖాయన వద్దన్నాడు. “వీళ్లేమంటరంటే, రోడ్డు వీళ్ల తాత వేయించిండంటరు” అని ఓవర్సీరు మొదలుపెట్టాడు. అవతలాయన తల ఊపలేదు. మరుసటి ఆదివారమూ ఊపలేదు. ఎడ్లబండ్లు ఏమీ ఎరగనట్టు రోడ్డు మీద పోతూనే ఉన్నాయి. ఇంతమంది చదువుకున్నవాళ్లు ఒక్క తల ఊపు కోసం ఆదివారాలు తగలేస్తున్నారని నాకు ఒళ్లు మండేది.

ఆ పద్ధతి మా సంసారంలోకి కూడా వచ్చింది. మా అమ్మాయి ఎస్తేరు పటాన్‌చెరు బడికి పోతుండేది. సంగారెడ్డి నుంచి ఫ్యాక్టరీల దాకా పోయే పొద్దటి డిపో బస్సు మా ఊళ్లో ఆగేది, దాంట్లో ఎక్కేది. తొమ్మిదిలోకి వచ్చాక మా ఆయన యేసుపాదం చదువు ఇక చాలన్నాడు. అరుచుకుంటున్నాం. సారు గడప దగ్గరికి వచ్చి, “యేసుపాదం, మీ ఆవిడ ఏమంటున్నారో ముందు మీరు చెప్పండి” అన్నారు.

“ఆమేమంటది సారూ, నేను చెప్పిందే జరగాలె అంటది.”

నేను తల ఊపలేదు. మా ఆయన చుట్ట ఆర్పాడు. “తను మూడోదాంకనే చదివి ఆగింది, పిల్ల గట్ల ఆగొద్దంటది” అన్నాడు. పెళ్లయిన ఇన్నేళ్లలో నా మాట ఆయన నోట వినడం అదే మొదలు. తల ఊపాను. “సరే, బస్సున్నన్ని రోజులు పోనీ. లారీల నడుమ నడిపించి మాత్రం పంపను” అని తేల్చాడు. ఎస్తేరు చదువు ఆ బస్సు మీద నిలబడింది.

అలాంటి బస్సును మా ఊళ్లో ఆపొద్దని ఈయనే రాశారు. కారణం లేకపోలేదు. సంగారెడ్డి నుంచి వచ్చే కార్మికులు రోజూ గేటు దగ్గర ఆలస్యమై సగం పూట జీతం పోగొట్టుకుంటున్నారట. దారిలో బస్సు ఒకటి రెండు చోట్ల ఆగకపోతే గేటు వేళకు అందుకుంటారట. మా చోటు వాటిలో ఒకటి. సంఘం ఒప్పుకుంటే డిపో ఒప్పుకుంటుంది, ఎందుకంటే డిపో ఆయన కూర్చునేదీ నా అర్రలోనే.

ఆ ఆదివారం నేను గుమ్మంలో నిలబడ్డాను. మీటింగులో కూర్చోలేదు, చాయ కూడా పెట్టలేదు. సారు లేచి, “ఈ ప్రతిపాదనను వద్దంటున్నది రూతమ్మగారు. వారి మాట ముందు చెబుతాను” అన్నారు. “బస్సు ఆగకపోతే స్థానిక ప్రయాణికులకు అసౌకర్యం.”

“నేను గట్లనలే. అసౌకర్యమంటే ఏందో నాకు తెల్వదు.”

“పిల్లల చదువుకు ఆటంకం.”

“పిల్లలు గాదు. నా పిల్ల.”

ఓవర్సీరు ఉండబట్టలేక, “జెర తలూపమ్మా, ఇండ్లకు పోవాలె. గిట్లయితే రాత్రయితది” అన్నాడు.

“తల నాది సారూ. ఊపబుద్ధయినప్పుడు ఊపుత.”

అప్పుడే నాకు తట్టింది. నేను ఊపనంతవరకు ఎవరూ చెయ్యెత్తరు. ఎడ్లబండ్ల సంగతి ఏమైందో చూసిందాన్ని. పెరటి వైపు నుంచి మా ఆయన కూడా ఊపొద్దు ఊపొద్దని సైగ చేస్తున్నాడు. కదలకుండా నిలబడితే చాలు, ఎస్తేరు పదో తరగతి అయిపోయేదాకా ఈ మీటింగు నడుస్తుంది.

సారు కళ్లద్దాలు తీసి పంచె కొంగుతో తుడుచుకున్నారు. ఈసారి కాగితం చూడలేదు. “ఈ రోడ్డు మీద లారీల మధ్య ఆడపిల్లను నడిపించే ధైర్యం ఈ ఇంట్లో ఎవరికీ లేదు. బస్సు ఆగని రోజున ఎస్తేరు బడి ఆగిపోతుంది. కొన్నాళ్లకు మళ్లీ పంపుదాంలే అనుకుంటారు. పంపరు. ఈ ఇంట్లో ఇదివరకు ఒకరి చదువు అలాగే ఆగింది, మళ్లీ మొదలు కాలేదు. ఆవిడే ఈ గుమ్మంలో నిలబడి ఉన్నారు” అన్నారు. నా వైపు తిరిగి, “సరిగ్గా చెప్పానా అమ్మా?” అని అడిగారు.

కాదు అనవచ్చు. అంటే నా బిడ్డ బస్సు నిలుస్తుంది. కానీ ఆయన చెప్పింది నా మాటే. నాకంటే బాగా చెప్పారు. ప్రార్థన చేసుకుని వచ్చిన నోటితో ఎట్లా కాదనను? తల ఊపాను. మా ఆయన నుదురు కొట్టుకున్నాడు.

తర్వాత సారు తన మాట చెప్పారు. గేటు మూశాక బయట టిఫిను డబ్బాలు పట్టుకుని నిలబడే మనుషుల గురించి, సగం జీతంతో ఇంటికి పోయే సాయంత్రాల గురించి చెప్పారు. అదీ నాకు న్యాయంగానే వినిపించింది. అందుకే ఇంకా కోపం వచ్చింది. చేతులెత్తమన్నారు. లేచినవి కొన్ని, లేవనివి ఎక్కువ. ఓవర్సీరు చెయ్యి కూడా ఒళ్లోనే ఉంది. ప్రతిపాదన వీగిపోయిందని సారే తన చేత్తో రాసి సంతకం పెట్టారు.

“నీ ప్లానును నువ్వే ఓడగొట్టుకున్నవు గద సారూ. కావాలని చేసినవా?”

“లేదమ్మా. మీ మాట ఉన్నదున్నట్టు చెప్పాను. నా ప్లాను ఇప్పటికీ సరైనదే.”

ఆ మనిషితో వేగడం ఎంత కష్టమో చెప్పడానికే ఇదంతా రాస్తున్నాను. కొన్నేళ్లకు బదిలీ మీద వెళ్లిపోయారు. గచ్చు మీద సుద్ద గీతలు పోయాయి గాని, ఆ పద్ధతి నన్ను వదల్లేదు. రేషన్ షాపులోనైనా, చర్చి స్త్రీల సమాజంలోనైనా, కోడళ్లతోనైనా, పోట్లాటకు దిగేముందు అవతలి మాట నా నోటితో చెప్పి వాళ్ల తల ఊగిందాకా ఆగుతాను. దానివల్ల గెలవాల్సిన పోట్లాటలు ఎన్ని ఓడిపోయానో నాకే తెలుసు. మానేద్దామంటే చేతకాదు.

మీటింగు మరునాడు పొద్దున బస్సు వచ్చింది, ఆగింది. ఎస్తేరు ఎక్కింది. వెనకే సారు ఎక్కబోతుంటే ఫుట్‌బోర్డు మీది కార్మికుడొకడు నన్ను చూసి, “మీ ఒక్క పోరి కోసం రోజు మాకు లేటయితాంది” అన్నాడు. గట్టిగా బదులివ్వడానికి నోరు తెరిచాను. “లేటయితే సగం పూట పైసలు కోస్తరు, ఇంటికాడ జవాబు చెప్పలేవు. గదే గద నీ బాధ?” అన్నాను. వాడు నా మొహం చూసి తల ఊపాడు. కొంచెం లోపలికి జరిగి సారుకు చోటిచ్చాడు. బస్సు కదిలింది. ఎస్తేరు ప్రార్థన గంటకు ముందే బడికి చేరింది. ఆ బస్సులోవాళ్లకు, సారుతో సహా, ఆ రోజు కూడా గేటు దగ్గర ఆలస్యమే అయింది.