అత్త నేసిన పచ్చచుక్క

ముందు మగ్గం వినిపించింది. మాధవరంలో అది వింతేమీ కాదు. ఆ వీధుల్లో గాలి కూడా మగ్గం తాళానికే నడుస్తుంది. ఒంటిమిట్టలో ఆటో ఎక్కి, పట్టుచీర కోసం వాకిలి వాకిలీ చూసుకుంటూ వెళ్తున్న నాకు ఒక ఇంటి ముందు మాత్రం ఆ టకటకల సందున ఇంకో గొంతు వినిపించింది. "నేను ఆడిబుల్‌గా ఉన్నానా? నా స్క్రీన్ కనిపిస్తోందా?" అని అడుగుతోంది. మగ్గం టక్కుమన్నప్పుడల్లా ఆ గొంతు క్షణం ఆగి, మళ్ళీ పడుగు దారాల మధ్య పోగును లాక్కెళ్ళే నాడెలా సర్రున దూరిపోతోంది.

లోపల నేల మీద గుంట. గుంటలో కాళ్ళు వేలాడేసుకుని, వంగపండు రంగు పట్టు మీద వంగి, ఒక పెద్దావిడ నేస్తోంది. ఆమె పేరు వెంకటలక్ష్మమ్మ. మూరెడు దూరంలో చిన్న బల్ల, బల్ల మీద ల్యాప్‌టాప్, దాని ముందు ఆమె కోడలు రాజేశ్వరి. తలకు హెడ్‌ఫోను, చెవి పక్కన మల్లెలు. ఒకే కిటికీ వెలుగు ఇద్దరికీ సగం సగం పడుతోంది. ఒకరికి పట్టు మీద, ఒకరికి చెంప మీద.

"కూర్చో నాయనా," అంది పెద్దావిడ చెయ్యి ఆపకుండానే. "ఆ పాప మీటింగులో ఉండాది. నేను చీరలో ఉండా. ఎవురికి ముందు ఖాళీ అయితే వాళ్ళు సూపిస్తారు."

ముందు ఖాళీ అయింది కోడలే.

రాజేశ్వరి పుట్టింది ప్రొద్దుటూరులో. ఇంజనీరింగు కడపలో. ఆ తర్వాత బెంగుళూరులో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీ. కంపెనీ పేరు ఆమె చెప్పలేదు, నేనడగలేదు. వేరేవాళ్ళు రాసిన ప్రోగ్రాముల్లో తప్పులు పట్టడం ఆమె పని. పెళ్ళయ్యాక ఇంటి నుంచే చేసుకోమన్నారు. ఇంటర్నెట్ పెట్టె సిగ్నలు మగ్గం గది దాటి రాదు కాబట్టి ఆమె ఆఫీసు మగ్గం పక్కకు చేరింది.

ఇంటి నుంచి పని అంటే సుఖమనుకుంటారు. కానీ కంపెనీవాళ్ళు మాట్లాడుకునే తెర మీద ప్రతి పేరు పక్కనా ఒక చుక్క ఉంటుంది. మౌస్ కదులుతున్నంతసేపు అది పచ్చగా ఉంటుంది. కాసేపు కదలకపోతే పసుపు రంగుకు తిరుగుతుంది. ఎవరి చుక్క ఎంతసేపు పచ్చగా ఉందో వారం వారం లెక్క తీసి, పై నుంచి కిందికి వరస కట్టి అందరికీ పంపుతారు. వరసలో అడుగున ఉన్నవాళ్ళకు ముందు మంచి మాటల్లో ఒక హెచ్చరిక వస్తుంది. ఆ తర్వాత మాటలుండవు. తాళం మార్చిన తలుపులా, ఒక పొద్దున ల్యాప్‌టాప్ తెరుచుకోదు.

"అన్నం తింటా ఎడంచేత్తో మౌస్ కదిలించేదాన్నన్నా," అంది రాజేశ్వరి నవ్వుతూ. "తలంటుకున్న రోజైతే ఇంక చెప్పొద్దు. సబ్బు నురగతోనే పరిగెత్తుకొచ్చేది."

"నాకేమో ఆ పసుపు చుక్కను సూస్తే కోడలికి కామెర్లొచ్చినట్టుండేది," అంది అత్త.

అత్తకు కంప్యూటరు తెలియదు. కదలిక తెలుసు. మగ్గం మీద పోగుల్ని దగ్గరికి గుద్దే అచ్చు చెక్క రోజంతా ముందుకూ వెనక్కూ ఊగుతూనే ఉంటుంది కదా. ఒక మధ్యాహ్నం, కోడలు ఎడంచేత్తో మౌసును, కుడిచేత్తో సంగటి ముద్దను పట్టుకుని అవస్థ పడుతుంటే చూడలేక ఆ మౌసును లాక్కుంది. తెగిపోయిన పట్టుపోగులు నాలుగు పేనింది. ఒక కొసను మౌసుకు, ఇంకో కొసను అచ్చు చెక్కకు కట్టింది. మౌసు అవతలి వైపుకు కోడలి జడ రబ్బరు బ్యాండును కట్టి మేకుకు తగిలించింది. ఇక అచ్చు వెనక్కి పోతే మౌసు అటు, ముందుకొస్తే ఇటు. తెర మీద చుక్క పచ్చగా, వాన పడ్డాక వేరుశనగ ఆకులా మెరుస్తూ ఉండిపోయింది.

"తిను పో," అంది వెంకటలక్ష్మమ్మ. "నేను నేస్తాండేంతసేపు నువ్వు పన్జేస్తాన్నట్టే."

ఆ రోజు రాజేశ్వరి మొదటిసారి పెరుగన్నం దాకా తీరిగ్గా తిన్నది. ఆ తర్వాత అత్త ఆ పోగును విప్పలేదు. రోజూ కాస్సేపు అనుకున్న సాయం రోజు పొడుగునా సాగింది. వెంకటలక్ష్మమ్మ కోడి కూయకముందే గుంటలోకి దిగే మనిషి. రాజేశ్వరి ల్యాప్‌టాప్ ఎప్పుడూ ఆపదు, మూత మాత్రం సగం వంచి పడుకుంటుంది. చుక్కలు లెక్కపెట్టే ప్రోగ్రాముకు మౌసు కదిలితే చాలు. కదిలించింది ఎవరని అది అడగదు.

వారం తిరిగి వచ్చిన వరసలో రాజేశ్వరి మొదటి పేరు. తర్వాతి వారమూ అంతే. మేనేజరు వీరభద్ర అందరికీ కలిపి ఒక ఉత్తరం పంపాడు. పల్లెలో ఉంటూ, తెల్లవారుజాము నుంచే పనిలో మునిగిపోయే ఈ అమ్మాయిని చూసి నేర్చుకోండి అని. కింద చప్పట్ల బొమ్మలు.

రాజేశ్వరి ఆ ఉత్తరాన్ని అత్తకు చదివి వినిపించింది. ఇద్దరూ పొట్టలు పట్టుకుని నవ్వారు. ఆ నవ్వు మూడో వారంలో ఆగింది.

ఆ వారం ఫోన్ చేసింది నిస్సార్. అదే టీములో పిల్లాడు. ఆత్మకూరు వాడు, కర్నూలులో గది తీసుకుని అక్కణ్ణుంచి పని చేస్తాడు. తప్పులు పట్టడంలో రాజేశ్వరి కంటే చురుకు. చేతిలో పని గబగబా ముగించి, శుక్రవారం నమాజుకు పోయేవాడు, పోయినంతసేపూ చుక్క పసుపు. మిగతా రోజుల్లో పని అయిపోగానే కళ్ళు మూసుకుని కుర్చీలో వాలేవాడు, మళ్ళీ పసుపు. ఇన్నాళ్ళూ అది ఎవరికీ పట్టలేదు. ఇప్పుడు వరసలో మొదటివాళ్ళకూ చివరివాళ్ళకూ మధ్య దూరం చూసి పైవాళ్ళు కళ్ళెర్రజేశారు.

"ఏమక్కా, నిద్రపోవా నువ్వు?" అన్నాడు నిస్సార్. గొంతులో ఎగతాళి ఉంది గాని దాని కింద తడి ఉంది. "నువ్వు తెల్లారుజామున లేస్తాండావంట, నేనెందుకు లేయలేనని అడుగుతాండారు. నెల గడువిచ్చినారు. నీ లెక్కలో సగమన్నా రాకపోతే ఇంటికి పొమ్మని."

"నీ పని బాగనే ఉంది కదప్పా."

"పని ఎవరు చూస్తారక్కా. చుక్క చూస్తారు. మా అమ్మ ఆత్మకూరులో అందరికీ నా కొడుకుది గట్టి ఉద్యోగమని చెప్పుకుంటాంటాది. ఏం చెప్పల్ల నేను?"

ఫోను పెట్టేశాక రాజేశ్వరి ఆ మౌసు వైపు చూసింది. అది పడవలా అటూ ఇటూ ఊగుతూనే ఉంది. అత్తకు సంగతి చెప్పింది. నిజం చెబితే తన ఉద్యోగం పోవచ్చు. కంపెనీని మోసం చేశావంటారు, ఇంకెక్కడా చేర్చుకోకుండా చేస్తారు. చెప్పకపోతే నిస్సార్‌ది పోతుంది. మధ్యలో పోగును నెమ్మదిగా విప్పేసి ఊరుకోవచ్చు. కానీ వచ్చిన లెక్కలు వచ్చేశాయి, వాటితో ఆ పిల్లాడిని కొలవడం ఆగదు.

వెంకటలక్ష్మమ్మ నాడెను ఒళ్ళో పెట్టుకుంది. "నేను నేసిన దానికి ఆ పిల్లోడు దెబ్బలు తినేదేంది," అంది. "మీ సారుకు నన్ను సూపీ. నీ నోటితో సెప్తే అబద్ధమంటారు. నన్ను సూస్తే ఏమంటారు?"

మరునాడు ఉదయం మీటింగు. వీరభద్ర ఎప్పటిలాగే ఇంగ్లీషులో వరస చదివాడు, రాజేశ్వరి అందరికీ రెండు మాటలు చెప్పాలన్నాడు. ఆమె రెండు మాటలూ చెప్పలేదు. ల్యాప్‌టాప్ ఎత్తి మగ్గం వైపు తిప్పింది.

"సార్, మీ నంబర్ వన్ ఈమే. మా అత్తగారు."

తెర మీద మొహాలన్నీ బిగుసుకుపోయాయి. వంగపండు పట్టు మీద అచ్చు వెళ్ళింది, వచ్చింది. దాని వెంట మౌసు వెళ్ళింది, వచ్చింది. వెంకటలక్ష్మమ్మ చెంగు సవరించుకుని కెమెరాకు నమస్కారం పెట్టింది.

"ఈయప్పేనా మీ సారు? శానా బక్కగుండాడే. అన్నం తిననీరా ఏంది ఈయప్పను గూడా?"

ఆ మాటకు కడప నుంచి గౌసియా అనే అమ్మాయి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆగలేక తన కెమెరా కూడా కిందికి వంచింది. చీర ఉయ్యాలలో ఆమె కూతురు నిద్రపోతోంది. ఉయ్యాల ఊగినప్పుడల్లా దాని తాడు కొసన కట్టిన మౌసు నేల మీద అటూ ఇటూ జరుగుతోంది. "నాది పాప పడుకున్నప్పుడే సార్," అంది. "లేస్తే ఏడుస్తాది, అప్పుడు చుక్క పసుపు."

నిస్సార్ నోరు తెరుచుకుని చూస్తున్నాడు. "అంటే ఇన్నాళ్ళూ పని చేసినోణ్ణి నేనొక్కణ్ణేనా?" అన్నాడు.

వీరభద్ర తన కెమెరా ఆపేశాడు. మీటింగు ముగిసినట్టు తెర నల్లబడింది. ఆ పూటంతా రాజేశ్వరి పోగు విప్పేసి చేత్తోనే మౌసు కదిలిస్తూ కూర్చుంది.

సాయంత్రం అతడే ఫోన్ చేశాడు. ఆఫీసు ఇంగ్లీషు ఎక్కడో వదిలేసి, సొంతూరు ఆదోని మాటతో.

"ఏమ్మా రాజేశ్వరీ, మీ అత్త తెలివైన మనిషి. నేను నా చేతిగడియారం మీద పెట్టుకుంటా మౌసును. ముల్లు తిరుగుతాంటే అదీ కదుల్తాంటాది. మా పైన గూడా ఇంకొకాయప్ప నా చుక్క చూస్తాంటాడు కదా."

పైవాళ్ళకు అతడేం రాశాడో ఆమెకు పూర్తిగా తెలియదు. చుక్కల లెక్క నమ్మదగినది కాదని, ఎవరెన్ని తప్పులు పట్టారో అదే పంపుతానని రాశాడట. ఆ లెక్కలో నిస్సార్ పేరు పైన లేదు, అడుగునా లేదు. నెల గడువు మాట ఎవరూ మళ్ళీ ఎత్తలేదు. రాజేశ్వరికి ఒక హెచ్చరిక వచ్చింది, అంతే.

"మొత్తం మీద ఈ ఇంట్లో ఉద్యోగం పోయింది నాదొక్కటే నాయనా," అంది వెంకటలక్ష్మమ్మ, గుంటలోంచి పైకొస్తూ. "మొదటి ర్యాంకు మనిషిని తీసేసినారు."

చీరలు పరిచింది. నేను బెల్లం రంగుది ఒకటి ఎంచుకున్నాను. బీరువా దగ్గర అత్త సంచి వెతుకుతుండగా, ఆ మేనేజరు ఇప్పుడెలా ఉన్నాడని అడిగాను.

రాజేశ్వరి మొహంలో వెలుగు కొంచెం తగ్గింది. "ఆయప్పను తీసేసినారన్నా. పోయిన నెల. టీముకు మేనేజరు అక్కర్లేదన్నారు. మా వల్లనేమో అని అడిగితే, కాదమ్మా, మొత్తం నాలాంటి మేనేజర్లందర్నీ పంపించినారు అన్నాడు. నిజమో, మమ్మల్ని బాధపెట్టకూడదనో. ఆదోనిలో ఉండాడు. నిస్సారు, గౌసియా, నేను ఆయప్ప గురించి తెలిసినోళ్ళందరికీ చెప్తాండాం. ఒక చోట పిలిచినారు, బుధవారం ఇంటర్వ్యూ ఉండాది."

బయట ఎండ తెల్లటి పడుగులా వీధి పొడుగునా పరిచి ఉంది. ఆమె రోడ్డు దాకా వచ్చింది, హెడ్‌ఫోను మెడలోనే ఉంది. మేనేజరునే తీసేసిన చోట పని చేస్తున్నావే, నీకు భయం లేదా అన్నాను.

"భయం ల్యాకేమన్నా," అంది. "కాకపోతే మా పైవాళ్ళుండేది వేరే దేశంలో, వాళ్ళకు తెల్లారేది మనకు పొద్దు గూకినాక. అందాకా నన్ను తీసేసేవాళ్ళు యాడా లేరు. మీరు మాత్రం కడప బస్సు కనపడంగానే సెయ్యెత్తండి, లేకుంటే డ్రైవరు నిలపకుండా పోతాడు."