సూది గుచ్చుకోని రోజులు

తెల్లచీర మీద ఎర్రచుక్కలు కనబడిన రోజున ఇంకెవరైనా అయితే కంగారుపడేవారు. నేను మాత్రం పొంగిపోయాను. ఎందుకో చెప్పాలంటే ముందు మా మేనత్త సంగతి చెప్పాలి.

మాది రేపల్లె. మా మాణిక్యం అత్తయ్య మధ్యాహ్నం భోజనాలయ్యాక వీధి అరుగు మీద ఆడపిల్లలకు ఎంబ్రాయిడరీ నేర్పేది. వేసవి సెలవుల్లో నేను ఎండన పడి తిరగకుండా నన్నూ అక్కడే కూర్చోబెట్టి, ఊరికే కూర్చోవడం దేనికని ఒక గుడ్డముక్క, రింగు చేతికిచ్చింది. గొలుసుకుట్టు నాకు తొందరగానే పట్టుబడింది. రింగులో బిగించిన గుడ్డ మీద కుడిచెయ్యి సూదిని కిందికి దింపుతుంది. గుడ్డ కింద ఎడమచేతి మధ్యవేలు కాచుకుని ఉండి, మొన తగలగానే పైకి తోస్తుంది. కొత్తలో ఆ వేలు జల్లెడైపోతుంది. నేను ఏడిస్తే అత్తయ్య తన వేలు చూపించేది. కొస గట్టిపడి కాయ కాసి ఉండేది.

"సూది గుచ్చుకున్నా తెలియని రోజొకటి వస్తుందిరా అబ్బాయ్. ఆ రోజు నీకు పని వచ్చినట్టు" అనేది.

పెద్దయ్యాక తెనాలిలో లెక్కల మాస్టారుగా చేరాను. బడి నుంచి వచ్చి పేపర్లు దిద్దడం అయ్యాక రింగు పట్టుకుని కూర్చుంటే నాకు లోకం తెలిసేది కాదు. స్టాఫ్ రూములో నవ్వేవారు. వాళ్ళిళ్ళలో పెళ్ళిళ్ళు వచ్చినప్పుడు జాకెట్టు చేతుల మీద పువ్వులకు మాత్రం నా దగ్గరికే వచ్చేవారు. నవ్విన నాపచేనే పండుతుందని నేనూ ఊరుకునేవాణ్ణి.

రిటైరయ్యాక మా ఆవిడ సుభద్ర కోసం పేరాల నుంచి తెల్ల నేతచీర తెప్పించి, అంచు పొడవునా మల్లెమొగ్గలు కుట్టడం మొదలుపెట్టాను. ఒక మధ్యాహ్నం రింగు విప్పి ఎంతవరకు వచ్చిందో ఆవిడకు చూపించాను.

"మొగ్గలు బాగున్నాయి. ఈ ఎర్రచుక్కలేంటండి?" అంది.

నా ఎడమచేతి వేలు చూసుకున్నాను. నాలుగైదు చోట్ల గుచ్చుకుని ఉంది. ఒక్కటీ నాకు తెలియలేదు. "అత్తయ్య చెప్పిన రోజు వచ్చేసింది" అని నవ్వాను. ఆవిడ నవ్వలేదు. చీర పట్టుకెళ్ళి చన్నీళ్ళలో జాడించింది.

ఇలాంటి పొరపాటు కుట్టుపని చేసేవాళ్ళు తప్ప ఇంకెవరూ చేయరనుకుంటాను. జబ్బును పనితనం అనుకుని నెలల తరబడి మురిసిపోయాను. తర్వాత చొక్కా బొత్తాలు పెట్టుకోవడానికి చాలాసేపు పట్టడం మొదలైంది. జేబులో చెయ్యి పెడితే తగిలింది తాళంచెవో చిల్లరో తెలిసేది కాదు. నడుస్తుంటే కాలి నుంచి చెప్పు జారిపోయేది. చెప్పులు కొత్తవి కొన్నాను. అవీ జారాయి.

తెనాలిలోనే ఒక డాక్టరుగారికి చూపించాం. షుగర్ టెస్ట్ చేయిస్తే నార్మల్ వచ్చింది. "ఈ వయసులో నరాల వీక్‌నెస్ మామూలేనండి" అని విటమిన్ ఇంజెక్షన్లు రాశారు. ఇంజెక్షన్లు అయిపోయాయి, చేతిలో మార్పు లేదు. రెండు పోగుల దారం సూదిలోకి ఎక్కించలేక సుభద్రను పిలిచిన రోజున నాకు మొదటిసారి భయం వేసింది.

గుంటూరులో న్యూరో డాక్టరుగారు సుత్తిలాంటి దానితో మోకాలి మీద కొడితే నా కాలు ఎగిరి ఆయన బల్లకు తగిలింది. పిడికిలి గబగబా మూసి తెరవమన్నారు. చెయ్యి మొరాయించింది.

"ఏం పని చేస్తారండి?" అన్నారు.

"లెక్కల మాస్టారుగా చేసి రిటైరయ్యానండి."

పక్కనుంచి సుభద్ర అందుకుంది. "అసలు పని చెప్పరేంటండి? మా పెళ్ళయిన దగ్గర్నుంచీ చూస్తున్నానండి డాక్టరుగారూ, తల వంచుకుని కుట్లు కుడుతూనే ఉంటారు. పిలిస్తే మెడ ఎత్తరు. ఇప్పుడేమో సూది గుచ్చుకున్నా తెలియట్లేదంటారు."

ఆయన రాస్తున్నది ఆపి, నా మెడ పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూశారు. "ఇన్నాళ్ళూ అందరూ వేళ్ళే చూశారు. ముందు మెడ చూద్దాం" అన్నారు. ఎమ్మారై రాశారు.

రిపోర్టులో సర్వైకల్ మైలోపతీ అని వచ్చింది. మెడ ఎముకల మధ్య స్పైనల్ కార్డ్ నలిగిపోతోందట. "వయసుతో అందరికీ అరుగుతుంది మాస్టారూ. మీకు తల వంచే అలవాటు కూడా తోడై ఉండొచ్చు. ఆపరేషన్ చేసేది ఇంకా పాడవకుండా ఆపడానికి. పోయిన స్పర్శ తిరిగొస్తుందని మాత్రం గ్యారంటీ ఇవ్వలేను" అన్నారు.

బతుకుతానా అని నేను అడగలేదు. కుడతానా అని అడిగాను. ఆయన చూద్దామన్నారు.

ఆపరేషన్ బాగానే జరిగింది. మర్నాడు లేచి కూర్చుంటే ఎడమచెయ్యి భుజం దగ్గర్నుంచి లేవలేదు. గోరుచుట్టు మీద రోకటిపోటు అంటే ఏమిటో అప్పుడు తెలిసింది. "సి ఫైవ్ పాల్సీ అంటారు, భుజాన్ని లేపే నరం చచ్చుబడుతుంది. కొందరికి వస్తుంది. చాలామందికి తగ్గుతుంది, టైం పడుతుంది" అన్నారు డాక్టరుగారు. ఆ రోజు నేను గోడ వైపు తిరిగి ఏడ్చాను.

తెనాలిలో మా ఇల్లు మేడ మీద. మెట్లు ఎక్కకూడదన్నారని బాపట్లలో సుభద్ర అన్నగారింటికి తీసుకెళ్ళారు. నలభై ఏళ్ళ కిందట నేను పెళ్ళిచూపులకు వెళ్ళిన ఇల్లు అది. ఆ రోజుల్లో పెళ్ళిచూపుల్లో 'మా అమ్మాయి కుట్టింది' అంటూ దిండు గలీబులు, టేబుల్ క్లాత్‌లు తెచ్చి చూపించేవారు. చూసినవాళ్ళు బాగుందని మడిచి ఇచ్చేయాలి. నేను ఊరుకోలేక గలీబు తిరగేసి వెనకవైపు చూశాను. వెనక ఒక్క ముడి లేదు. అంత శుభ్రమైన పని అత్తయ్య దగ్గర తప్ప నేనెక్కడా చూడలేదు. "దారం చివర ఎలా దాచారండి?" అని పెళ్ళికూతుర్ని అడిగాను. సుభద్ర తెల్లమొహం వేసి, తర్వాత ఫక్కున నవ్వేసింది. కుట్టింది వాళ్ళ వదిన కమల. పెద్దవాళ్ళు తలలు దించుకున్నారు. నాకు కుట్టడం రాని ఆ అమ్మాయి నవ్వే నచ్చింది.

ఇప్పుడు అదే ఇంట్లో మంచం మీద నేను, ఎదురుగా కమల. చేతికి ఎక్సర్‌సైజులు చేయించడానికి ఫిజియోథెరపీ అమ్మాయి వచ్చి రబ్బరు బంతి ఇచ్చి నొక్కమనేది. బంతి నొక్కాలంటే నాకు ప్రాణం మీదికొచ్చేది.

"అన్నయ్యగారికి బంతి కాదమ్మా, సూది ఇవ్వాలి" అంది కమల. ఆ అమ్మాయి ఆలోచించి, మెడ వంచనంటే సరే అంది. కమల గోనెపట్టా ముక్క, దబ్బనం, పురికొస తెచ్చి పట్టాను నా కళ్ళకెదురుగా కిటికీ ఊచలకు కట్టింది. ఎడమచెయ్యి లేవదు కాబట్టి మోచేతి కింద దిండ్లు పేర్చింది. దబ్బనంలో పురికొస ఎక్కించే పని సుభద్రది. పువ్వు కుట్టబోతే పీత వచ్చింది. వినాయకుణ్ణి చేయబోతే కోతి అయిందని ముగ్గురం నవ్వుకున్నాం. రేపల్లె అరుగు మీద కూడా నా మొదటి పువ్వు అలాగే వచ్చింది. అత్తయ్య దాన్ని విప్పనివ్వలేదు, పక్కన ఇంకోటి కుట్టమంది. నేనూ విప్పలేదు.

నెలలు గడిచాయి. దిండ్లు ఒక్కొక్కటే తగ్గాయి. గోనె పోయి గుడ్డ వచ్చింది, దబ్బనం పోయి సూది వచ్చింది. ఒక ఉదయం కాడకుట్టు వేస్తుంటే ఎడమచేతి మధ్యవేలు చురుక్కుమంది. పెద్దగా అబ్బా అన్నాను. సుభద్ర చేతిలో పప్పుగరిటెతోనే పరిగెత్తుకొచ్చింది.

"గుచ్చుకుంది" అన్నాను.

"నొప్పి పుట్టిందా?"

"పుట్టింది."

ఆవిడ గరిటె పక్కన పెట్టి, నన్ను కళ్ళు మూసుకోమని, సూది మొనతో ఒక్కో వేలు మీద తాకిస్తూ "ఇదేంటి? ఇదేంటండి?" అని అడగడం మొదలుపెట్టింది. చూపుడువేలు, మధ్యవేలు, ఉంగరపువేలు. సరిగ్గానే చెప్పాను. చిటికెనవేలు తెలియలేదు. ఆవిడ ఇంకోసారి అడిగింది, అప్పుడూ తెలియలేదు. "పోనీలెండి, అది ఖాళీగా ఉండే వేలేగా" అంది. కళ్ళు తెరిచి చూస్తే ఏడుస్తోంది.

ఇప్పుడు తెనాలిలో మా ఇంట్లోనే ఉన్నాను. చిటికెనవేలు ఇంకా మొద్దుగానే ఉంది. వడ్రంగి చేత కళ్ళ ఎత్తుకు స్టాండు చేయించి రింగు దానికి బిగించుకున్నాను. కాసేపు కుట్టి లేచి నడుస్తాను. పొద్దున నాతో వాకింగుకు వచ్చే రిటైర్డ్ రైల్వే గార్డు ఒకాయన ఆదివారాలు వచ్చి గొలుసుకుట్టు నేర్చుకుంటున్నాడు. వేలికి గుచ్చుకుని మూలుగుతాడు. ఆ మూలుగు వింటే నాకు ప్రాణం లేచొస్తుంది.

చదివేవారికి ఒక్క మాట. డాక్టరుగారు ఏం పని చేస్తారని అడిగితే ఉద్యోగం పేరు చెప్పి ఊరుకోకండి. మీ చేతులు రోజూ ఏం చేస్తాయో చెప్పండి. పూలు కట్టడమైనా, వల అల్లడమైనా, ఊసుపోక చేసే కుట్టుపనైనా సరే, నోరు తెరిచి చెప్పండి. నేను చెప్పలేదు. నా బదులు చెప్పడానికి పక్కన సుభద్ర ఉంది. అందరి పక్కనా ఉండదు కదా.