మా పెనానికి మేమే అద్దె

నా చిన్నప్పుడు మా ఇంటి పెనాన్ని మేమే అద్దెకు తెచ్చుకునేవాళ్ళం. ఈ మాట చెబితే మా మనవలు తాతకి మతి తప్పిందని ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు. చావింటికి వెళ్ళినా ఏదో ఒక వంకర మాట అని, ఏడ్చేవాళ్ళని కూడా నవ్వించి తిట్లు తిని వచ్చే మనిషిని నేను. అలాంటి నాకు కూడా ఈ ఒక్క సంగతి తలుచుకుంటే నవ్వు రాదు, పళ్ళు పటపటలాడతాయి.

పెనం అంటే అట్లు పోసుకునేది కాదు. చెరుకురసం కాచి బెల్లం వండే ఇనప పెనం. నలుగురు మగవాళ్ళు పట్టుకుంటేగాని కదలదు. బోలెడుమంది పిల్లలం అందులో కాళ్ళు చాపుకుని పడుకునేవాళ్ళం. చోడవరం నుంచి బుచ్చయ్యపేట వెళ్ళే దారిలో మా ఊరు. చెరుకు చేతికొచ్చాక గానుగాడించి, రసం పెనంలో పోసి, పిప్పి మంట మీద కాచి, దిమ్మలు కట్టి అమ్ముకుంటేనే మా ఇంట్లో ఏడాది గడిచేది. పెనం లేనివాడికి తోటనిండా చెరుకున్నా లేనట్టే. ఆ సంగతి మాకన్నా బాగా తెలిసినవాడు చోడవరం బజారులో బెల్లం కొనే షావుకారు. మా తాతయ్య ఏదో అవసరం పడి అప్పుకి వెళ్తే ఆయన పొలం అడగలేదు, ఎడ్లు అడగలేదు. పెనం తెచ్చి తన పెరట్లో తాకట్టు పెడితే చాలన్నాడు. ఎంత దయగల మనిషో అనుకుని మావాళ్ళు దణ్ణం పెట్టి మరీ వచ్చారట.

తాతయ్య పోయాడు, అప్పు పోలేదు. ఏటా గానుగాట మొదలయ్యే ముందు మా నాన్న బండి కట్టుకుని షావుకారింటికి వెళ్ళి, పెరట్లో బోర్లించి ఉన్న మా పెనాన్ని మా బండి మీదకే ఎక్కించుకుని వచ్చేవాడు. గానుగాట అయిపోయాక శుభ్రంగా తోమి, మళ్ళీ తీసుకెళ్ళి అక్కడే బోర్లించి వచ్చేవాడు. వాడుకున్నందుకు అద్దె, దిమ్మల్లో. అప్పు మీద వడ్డీ, అదీ దిమ్మల్లోనే. మిగిలిన దిమ్మలు ఆయనకే అమ్మాలి, ధరా ఆయనే చెప్పాలి. ఇంత జరిగాక మా నాన్న ఇంటికొచ్చి తలగుడ్డ విప్పుతూ, "షావుకారు బాబు మంచోడు, ఒక్కనాడూ అసలు కట్టమని అడగలేదు" అనేవాడు.

ఆ మాట వింటే మా మామ్మకి ఒళ్ళు మండిపోయేది. మామ్మ అంటే నాన్నని కన్నతల్లి. చుట్ట వెలిగే కొసని నోట్లోకి పెట్టుకుని అడ్డపొగ తాగే మనిషి. నోట్లో నిప్పు పెట్టుకుని తిరిగే మనిషికి కోపం ఎందుకొస్తుందని నేనెప్పుడూ అడగలేదు. ఒకరోజు నాన్న ఆ మాట అనగానే, "అడిగినోడికి అప్పో సప్పో సేసి ఇచ్చి పడేస్తాం. అడగనోడే మనల్ని తినీసేది" అంది. ఆ రోజు నుంచి మా ఇంట్లో కొత్త చట్టం వచ్చింది.

మా ప్రాంతంలో అప్పట్లో ఒక పాడు అలవాటుండేది. ఉప్పు కొన్నా, కిరసనాయిలు కొన్నా, టీ తాగినా, గాజులు వేయించుకున్నా చేతిలోంచి డబ్బు తీసేవారు కాదు. "గానుగాడేక ఇత్తాను" అనేవారు. అడిగేవాడికీ మొహమాటం లేదు, ఇచ్చేవాడికీ బెంగలేదు. ఆ ఒక్క మాట మీద ఊరంతా ఏడాది పొడుగునా తిని, గానుగాడాక వట్టి చేతులు దులుపుకునేది. మామ్మ ఆ మాట మీద నిషేధం పెట్టింది. ఇంట్లోగాని బయటగాని ఆ మాటన్నవాడికి ఆ పూట కూర లేదు. మొదట దొరికినవాడు నాన్నే. రోడ్డు మీద బడ్డీలో అరువు టీ తాగినట్టు తెలిసిపోయింది. ఆయన ఉప్పూ గంజీ కలుపుకుని తింటుంటే నేను కిసుక్కున నవ్వాను. నవ్వినందుకు నా కూర కూడా తీసేసింది.

తర్వాత ఒక్కొక్కటే మొదలయ్యాయి. అమ్మ అన్నానికి బియ్యం కొలిచిన ప్రతిసారీ అందులోంచి ఒక గుప్పెడు తీసి వేరే కుండలో వెయ్యాలి. కుండ నిండితే ఆ బియ్యం అమ్మి డబ్బు చెయ్యాలి. పాలు అమ్మకానికి, మజ్జిగ మాకు. అన్నాలు తినేదాకానే దీపం. పొయ్యి రాజెయ్యడానికి అగ్గిపుల్ల గీయకూడదు, పక్కింటి పొయ్యిలోంచి నిప్పు తెచ్చుకోవాలి. నాన్నకి బడ్డీ టీ బంద్, నాకు జీళ్ళు బంద్. మాకు కోపం వచ్చింది. మామ్మకి మాత్రం ఏ లోటూ లేదేమని నేను గొణిగాను. మామ్మ తన చుట్టలు తెచ్చి కత్తిపీట మీద పెట్టి ఒక్కొక్కదాన్నీ సగానికి కోసింది. ఆమెకి చుట్ట అంటే అన్నం కన్నా ఎక్కువ. ఆ తర్వాత నేను గొణగలేదు, గొణిగినా బయటికి వినపడలేదు.

ఊళ్ళో మాకు పిసినారోళ్ళని పేరు పడిపోయింది. పక్కింటి అత్త ఒకసారి నిప్పు ఇస్తూ, "ఏటత్తా, మీ ఇంట్లో ఎలకలు కూడా మా ఇంటికే బోజినానికి వత్తన్నాయి" అంది. మామ్మ నిప్పు అందుకుని, "రానీయే, మీ ఇంట్లో ఉన్నది మీదేటి? అదీ షావుకారిదే కదా" అని వచ్చేసింది. పక్కింటి అత్త చాలా రోజులు మాతో మాట్లాడలేదు. నిప్పు మాత్రం ఇచ్చేది.

అలా రెండు పంటలు గడిచాయి. మూడో ఏడు గానుగాట ముందు, నాన్న బండి కడుతుంటే మామ్మ కూడా ఎక్కి కూర్చుంది. ఒళ్ళో ఒక గుడ్డమూట. నేను బడి ఎగ్గొట్టడానికి పెద్ద కారణం ఎప్పుడూ అక్కర్లేదు కనక నేనూ ఎక్కాను.

షావుకారి పెరడు నేను చూడటం అదే మొదటిసారి. గోడ పొడుగునా పెనాలు, ఎన్నో ఊళ్ళవి, ఎండలో తాబేళ్ళలా బోర్లా పడి ఉన్నాయి. ఇటు రోలుగుంట నుంచి, అటు చీడికాడ నుంచి వచ్చిన రైతులు బళ్ళు నిలబెట్టుకుని, ఎవరి పెనం వాళ్ళు అద్దెకి అడగడానికి చేతులు కట్టుకుని నిలబడి ఉన్నారు. మామ్మ అరుగు మీద మూట పెట్టింది. "అసలూ వడ్డీ అంతా ఉంది బాబూ. సూసుకోండి. ఈయేల పెనం మా ఇంటికి అట్టుకుపోతాం" అంది.

అప్పు తీరుస్తామంటే సంతోషించాలి కదా. షావుకారి మొహం మాడిపోయింది. మళ్ళీ సర్దుకుని నవ్వాడు. "ఏటమ్మా తొందర? నానడిగేనా? వడ్డీ ఇచ్చీసి ఎల్లు. మిగతాది నీ కాడుంటే మందుకో మాకుకో అవుతాది" అన్నాడు. ఇక ఆమెతో పని కాదనుకున్నాడేమో, లోపల్నుంచి కొత్త రేడియో తెప్పించి నాన్న ముందు పెట్టి తిప్పాడు. పాట పెరడంతా పరుచుకుంది. చేతిలో పట్టుకుని పోగలిగే రేడియో అప్పటికి మా ఊళ్ళో ఎవరికీ లేదు. "ఇనుకో అబ్బాయీ, అట్టుకెళ్ళు. గానుగాడేక ఇద్దువుగాని" అన్నాడు.

నాన్న మొహం చూడాలి. రెండేళ్ళుగా టీ చుక్క లేక ఎండిపోయిన మనిషి, ఆ రేడియో కేసి చూస్తూ మెత్తబడిపోయాడు. "అమ్మా, షావుకారు బాబు అంతలా సెప్తన్నారు. ఈ ఏటికి వడ్డీ కట్టేద్దాం. ఒక్క ఏడే కదా" అన్నాడు. నేను కూడా మామ్మ కొంగు పట్టుకు లాగాను. రెండేళ్ళ గుప్పెళ్ళ బియ్యం, సగం చుట్టలు, చీకట్లో గడిపిన సాయంత్రాలు, అన్నీ ఆ క్షణంలో ఒక పాటకి అమ్ముడుపోబోయాయి.

మామ్మ నా చేతిలోంచి కొంగు విడిపించుకుంది. పెరట్లోకి నడిచింది. ఎప్పుడో అంచు పగిలితే తాతయ్య కమ్మరి చేత వేయించిన అతుకు చూసి మా పెనాన్ని గుర్తుపట్టి, దాని మీదకెక్కి కూర్చుంది. సగం చుట్ట తీసి వెలిగించింది. నాలుగు పీల్పులు పీల్చి, చుట్ట చేతిలోకి తీసుకుని, అరుగు మీదకి వినపడేలా అంది:

"బాబూ, నా డబ్బులు మీకొద్దంటన్నారు. అప్పు తీరుస్తానంటే మీ మొగం ఎందుకలా అయిపోయింది? మీకు గావలసింది అసలు కాదు, మేం. మేమీ గడప తొక్కుతా ఉండాల, మా పెనం మాకే అద్దెకిస్తా ఉండాల. అంతేనా, కాదా? కాదంటే ఈ మూట తీసుకోండి."

షావుకారు రేడియో కట్టేశాడు.  నిలబడ్డ రైతుల్లో చీడికాడ వైపు నుంచి వచ్చిన ఒక పెద్దాయన నెమ్మదిగా, "నిజమేరా, మమ్మల్ని కూడా ఎప్పుడూ అసలు అడగలేదు" అన్నాడు. ఆ మాటని ఆయన మా నాన్నలా మెచ్చుకోలుగా అనలేదు. అక్కడున్న ఒక్కొక్కడి మొహమూ నల్లబడటం నేను చూశాను.

షావుకారికి ఇంక వేరే దారి లేకపోయింది. అంత చిల్లర లెక్కపెట్టడానికి తనకి తీరిక లేదన్నాడు. "నాకుంది" అంది మామ్మ. "ఈ గుంటడికీ లెక్కలు రావాల." అరుగు మీద కూర్చోబెట్టి నా చేత పైకి లెక్కపెట్టించింది. లెక్క తప్పితే మళ్ళీ మొదటికి. మా బడి పంతులు ఎన్ని తొడపాశాలు పెట్టినా రాని లెక్కలు ఆ పూట వచ్చేశాయి. చివర్లో షావుకారు ఈ ఏటి అద్దె మాటేమిటని అడిగాడు. "నా పెనం మీద నాను కూకున్నందుకా?" అంది. పెరడంతా ఘొల్లుమంది. ఆ నవ్వులో ఎవరో నలుగురు వచ్చి పెనాన్ని మా బండి మీదకి ఎత్తేశారు.

ఇక్కడితో అయిపోయి ఉంటే నేను దీన్ని ఒక మంచి వేడుక కథగా చెప్పుకునేవాణ్ణి. దారి పొడుగునా నాన్న ఎడ్లని ఊరికే అదిలిస్తూనే ఉన్నాడు. నలుగురిలో తల్లి తనని చవట చేసిందని ఆయన కోపం. అయినా గానుగాడి, దిమ్మలు వరసగా పేర్చాక ఆయన మొహం విప్పారింది. అద్దె దిమ్మలు, వడ్డీ దిమ్మలు ఈ ఏడు ఇంట్లోనే ఉంటాయి కదా, వాటితో ఏమేమి కొనాలో అమ్మతో చెప్పడం మొదలుపెట్టాడు. మామ్మ వచ్చి, ఏటా షావుకారికి ఎన్ని ఇచ్చేవారో సరిగ్గా అన్ని దిమ్మలు తీసి ఓ మూల వేరుగా పెట్టింది. ఇవి అమ్మిన డబ్బు ఎవరూ ముట్టకూడదంది.

నాన్న కోపం అప్పుడు చూశాను. చేతిలో ఉన్న తట్ట విసిరికొట్టాడు. "అప్పు తీరిపోనాది కదా, ఇంకా ఎవడికి కట్టాల?" అని అరిచాడు. మామ్మ అంతకన్నా గట్టిగా అరిచింది.

"మనకి కట్టాల. ఆడికి కట్టినన్నాళ్ళు ఒక్క ఏడు తప్పేవేటిరా? వాన రానీ, గాలి రానీ, పస్తులుండి కట్టేవు. పరాయోడికి కట్టడానికి లేని నొప్పి, నీ పిల్లలకి కట్టడానికి వచ్చిందేటి?"

ఆ రోజు నాన్న అన్నం తినలేదు. మామ్మ బతిమాలలేదు.

మరుసటి ఏడు గానుగాట మధ్యలో మా ఎద్దు ఒకటి కూలబడి చచ్చిపోయింది. గానుగ ఆగిపోయింది. నరికిన చెరుకు ఎండలో వడిలిపోతోంది, ఒక్క రోజు ఆగితే రసం సగమైపోతుంది. నాన్న తలగుడ్డ చుట్టుకుని చోడవరం దారి పట్టాడు. ఎవరూ చెప్పక్కర్లేకుండా కాళ్ళే షావుకారింటికి తీసుకుపోతున్నాయి ఆయన్ని. మామ్మ వీధిలోకి వెళ్ళి ఆయన చేతిలో దిమ్మల డబ్బు పెట్టింది. దెప్పలేదు. దెప్పకపోవడం ఆమె జీవితంలో అదొక్కసారే అనుకుంటాను. నాన్న దారి మార్చి, పక్క ఊళ్ళో రొక్కం ఇచ్చి ఎద్దుని కొని సాయంత్రానికి తోలుకొచ్చాడు. ఆ ఏటి నుంచి దిమ్మలు వేరు పెట్టేది ఆయనే.

నేను చదువు తొందరగా మానేసి బండి తోలాను, టిఫిన్ బండి నడిపాను, ఆటో కొన్నాను. షావుకార్లు పోయారనుకున్నాను. పోలేదు, జేబులో ఇమిడేంత చిన్నవాళ్ళయ్యారు. మా మనవడు ఉన్న ఫోన్ బాగానే ఉండగా ఇంకో ఫోన్ వాయిదాల మీద తెచ్చాడు. "నెలకింతే కదా తాతా" అంటాడు. ఇది తీరకముందే ఇంకా ఇస్తాం తీసుకోండని ఆ ఫోన్‌కే కబురొస్తుంది. దాన్ని వాడు నాకు గొప్పగా చూపిస్తాడు, తన పరపతి పెరిగిందని. నాకు చెయ్యి లేస్తుంది. పెద్దవాడయ్యాడు కనక దించుకుంటాను.

నా ఆటో అప్పు ఆఖరి వాయిదా కట్టిన రోజు ఆ ఆఫీసు కుర్రాడు కుర్చీ వేసి, మీ రికార్డు బాగుంది పెద్దాయనా, ఇంకో లోన్ తీసుకోండన్నాడు. వద్దని లేచి వచ్చి, మరుసటి నెల నుంచి అదే వాయిదా ఇంట్లో ఒక డబ్బాలో కట్టడం మొదలుపెట్టాను. వసూలుకి మా ఇంటిదాన్ని పెట్టాను. ఇన్నేళ్ళయినా ఆవిడ ఒక్క నెల వదిలింది లేదు. గడువు దాటితే ఆటో తాళం దాచేస్తుంది. గుమ్మంలో నిలబడి నేను తిడతాను, లోపల్నుంచి ఆవిడ తిడుతుంది, వీధిలోవాళ్ళు ఈ ముసలాళ్ళకి ఇంకా ఏం గొడవలని తొంగి చూస్తారు. డబ్బు డబ్బాలో పడ్డాకే తాళం నా చేతికొస్తుంది.